నలభై మూడు నేరాలు

పోయిన వారం మిమ్మల్ని కర్నల్ గారి గది గుమ్మంలో నిలబెట్టి వెళ్లిపోయాను. కాళ్లు పీకి ఉంటాయి, లోపలికి రండి. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క నిమిషం ఆగండి, సంగతేమిటో చెప్పి మరీ తలుపు తీస్తాను.

మాది సైనిక పాఠశాల. పిల్లలు ఇక్కడే తిని, ఇక్కడే పడుకుని, బూట్ల చప్పుడుతో లేస్తారు. చదువులో వెనకబడ్డవాళ్లకి సాయంత్రం ఒక గంటసేపు విడిగా చెప్పడానికి ఇక్కడ ఒక గది ఉంది. ఆ గదిలో చెప్పేదాన్ని నేను. మా ఆయన ఇదే బడిలో డ్రిల్ మాస్టర్. ఇరవై ఆరేళ్లు పటాలంలో చేసి వచ్చిన మనిషి. తప్పు చేసిన పిల్లలకి శిక్ష వేయడం, దాన్ని శిక్షల రిజిస్టర్లో రాయడం ఆయన పని.

నా గదికి వచ్చే ప్రతి పిల్లాడూ భుజం మీద పసుపు పట్టీ కుట్టించుకోవాలని మా వైస్ ప్రిన్సిపాల్ ఆరు నెలల కిందట ఒక రూలు పెట్టాడు. 'గారు' అనాలని నాకూ తెలుసు, నోరు రావడం లేదు. పట్టీ చూసుకుని సిగ్గుపడి బాగా చదువుతారట! సిగ్గయితే పడ్డారు, చదువే మానేశారు. పట్టీ ఉన్నవాడి పక్కన భోజనాల హాల్లో ఎవడూ కూర్చునేవాడు కాదు. ఒకడైతే పట్టీతో సహా చొక్కాని మురుగుకాలవలో పడేసి బనీనుతో క్లాసుకి వచ్చాడు. రెండు నెలలు తిరిగేసరికి నా గదిలో బల్లల మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.

అప్పుడు నేనొకటి గమనించాను. ఈ బడిలో సాయం అడగడం నామోషీ గానీ శిక్ష పడడం నామోషీ కాదు. మైదానం చుట్టూ పది రౌండ్లు పరిగెత్తి వచ్చినవాడు ఆ పూటకి హీరో. సరే, మీ దారిలోనే వస్తాను అనుకున్నాను. లెక్కలు రానివాళ్ల పేర్లిచ్చి, ఏదో ఒక తప్పు అంటగట్టి, నా గది ఊడ్చే శిక్ష వేసి పంపమని మా ఆయన్ని అడిగాను. 'జరగని తప్పు ఎలా రాస్తానే?' అని ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఏమనుకున్నారో ఏమో, సరే అన్నారు. పిల్లలు చీపురు పట్టుకుని దర్జాగా వచ్చేవాళ్లు. అయిదు నిమిషాలు ఊడ్చేవాళ్లు, యాభై అయిదు నిమిషాలు చదువుకునేవాళ్లు. నాకు చీపురు మేడమ్ అని పేరు వచ్చింది. బడి మొత్తం మీద నా గదంత శుభ్రమైన గది ఇంకోటి లేదు.

వాళ్లలో ఒకడు తొమ్మిదో తరగతి బొంగరం. చేరిన రోజు డ్రిల్లులో కుడికి తిరగమంటే ఎడమ నుంచి మొదలుపెట్టి, ఒళ్లంతా తిరిగి చివరికి కుడికే వచ్చి ఆగాడని తోటి పిల్లలు పెట్టిన పేరు అది. వచ్చినప్పుడు వాడికి లెక్కల్లో తొమ్మిది మార్కులు. ఈ టర్ములో యాభై ఎనిమిది. దానికోసం నా గదికి నలభై మూడుసార్లు వచ్చాడు, అంటే రిజిస్టర్లో వాడి పేరున నలభై మూడు శిక్షలు. మిగతా పిల్లలకి ఇన్ని లేవు. టర్ము చివర లెక్క తీసిన వైస్ ప్రిన్సిపాల్ ఇంత రౌడీ ఈ బడి పుట్టాక పుట్టలేదని తేల్చి, వాణ్ని బడి నుంచి పంపేసే ఆర్డరు టైపు చేయించాడు. కర్నల్ గారి సంతకం ఒక్కటే మిగిలింది. ఆ మాట చెవిన పడ్డప్పుడు నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. ఎంగిలి చెయ్యి కడుక్కున్నానో లేదో కూడా గుర్తులేదు.

తలుపు తోశాను.

కర్నల్ గారు బల్ల వెనక నిటారుగా కూర్చుని ఉన్నారు. ఈయన ప్రిన్సిపాల్‌గా వచ్చి మూడు నెలలైంది. తక్కువ మాట్లాడతారు, ఎక్కువ చూస్తారు. ఆయన ముందు తెల్ల కాగితం, దాని మీద కలం. పక్కన వైస్ ప్రిన్సిపాల్, చేతిలో శిక్షల రిజిస్టరు. బల్లకి ఇవతల బొంగరం, గడ్డం పైకెత్తి, చేతులు ప్యాంటు కుట్టుకి అతికించి అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. మూల కుర్చీ అంచున వాళ్లమ్మ. సిటీ బస్సు కండక్టరు. డ్యూటీ మధ్యలో కబురందితే ఖాకీ కోటు కూడా విప్పకుండా వచ్చేసినట్టుంది, భుజానికి టికెట్ల సంచీ అలాగే వేలాడుతోంది. వరండాలో ఆ పిల్లాడి ట్రంకు పెట్టె తాళం వేసి సిద్ధంగా ఉంది.

"మేడమ్, మిమ్మల్ని పిలవలేదు" అన్నాడు వైస్ ప్రిన్సిపాల్.

"పిలిస్తే పొద్దున్నే వచ్చేదాన్ని సార్. పిలవలేదు కాబట్టే ఆలస్యమైంది."

కర్నల్ గారు ఒకసారి నా వైపు చూసి, "నిలబడండి" అని, వైస్ ప్రిన్సిపాల్ వైపు తిరిగి, "మీరు చదవండి" అన్నారు.

వైస్ ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "బూట్లకి పాలిష్ లేదు. పక్క సర్దలేదు. చొక్కాకి గుండీ లేదు. వరుసలోకి ఆలస్యంగా వచ్చాడు. బూట్లకి పాలిష్ లేదు. పక్క సర్దలేదు..." అలా చదువుతూనే ఉన్నాడు. ఒక్కొక్కటీ విన్నప్పుడల్లా బొంగరం వాళ్లమ్మ టికెట్ల సంచీ పట్టీని ముడిచి ముడిచి వదులుతోంది. పదిహేనో ఇరవయ్యో అయ్యేసరికి ఆవిడ ఇక ఆగలేకపోయింది.

"అయ్యా, ఇక్కడ చేరేదాకా మా ఇంట్లో మంచం సర్దింది వీడే. నేను తెల్లారుజామున నాలుగింటికే డ్యూటీకి పోతాను. చిన్నదానికి జడవేసి బడికి పంపింది కూడా వీడే. ఇక్కడికొచ్చి ఇట్లా ఎట్లా తయారయ్యాడు?"

"అదే మేమూ అడుగుతున్నాం" అన్నాడు వైస్ ప్రిన్సిపాల్.

నాకు ఒళ్లు మండిపోయింది. "వాడు ఎట్లా ఉండేవాడో అట్లాగే ఉన్నాడమ్మా. సార్, ఆ నలభై మూడూ శిక్షలు కావు. పాఠాలు. రిజిస్టర్లో రాసిన తప్పులేవీ వీడు చేయలేదు. వీడు లెక్కలు నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు. పట్టీ గొడవ లేకుండా రావడానికి నేనే ఈ దొంగదారి వేశాను."

హమ్మయ్య, చెప్పేశాను అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి బయటికి వదిలే లోపలే బొంగరం నోరు విప్పాడు.

"అబద్ధం సార్. ఆ తప్పులన్నీ నేనే చేశాను."

"ఒరేయ్!" అన్నాను.

"మేడమ్ నన్ను కాపాడాలని చెబుతున్నారు సార్. నేను లెక్కలకోసం వెళ్లలేదు. ఊడ్చి వచ్చేశాను. అంతే." వాడు నా వైపు చూడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

రౌడీ అనిపించుకుని బడి వదిలి పోవడానికైనా సిద్ధమే గానీ, లెక్కలు రాక సాయం తీసుకున్నానని ఒప్పుకోవడానికి వాడు సిద్ధంగా లేడు. వైస్ ప్రిన్సిపాల్ ముఖం వెలిగిపోయింది.

కర్నల్ గారు రిజిస్టరు తన వైపు లాక్కున్నారు. వేలు పెట్టి ఒక్కో వరుసా కిందికి చూసుకుంటూ పోయారు. రెండు పేజీలు తిప్పాక ఆగారు. "బూట్లు, పక్క, గుండీ, ఆలస్యం. మళ్లీ బూట్లు, పక్క, గుండీ, ఆలస్యం. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కవాతు లెక్కలా ఉంది ఇది. ఏ పిల్లాడూ వరుస తప్పకుండా తప్పులు చేయడు." తల ఎత్తి, "డ్రిల్ మాస్టర్‌ని పిలవండి" అన్నారు.

నాకు తల కొట్టుకోవాలనిపించింది. చేయని తప్పులు రాయమంటే, మహానుభావుడు వాటిని కూడా డ్రిల్లు చేయించాడు!

మా ఆయన వచ్చి, మడమలు కలిపి సెల్యూట్ చేసి నిలబడ్డారు. నా వైపు కన్నెత్తి చూడలేదు. ఆఫీసులో నేనెవరో ఆయనకి తెలియదు, పదేళ్లుగా అదే తంతు.

"ఈ తప్పులు నిజంగా జరిగాయా?" అని అడిగారు కర్నల్ గారు.

"జరిగాయి సార్."

నేను ఈ గదిలో ఇప్పటిదాకా చెప్పినదంతా గంగపాలు చేశాడు ఈ మనిషి అనుకున్నాను. వైస్ ప్రిన్సిపాల్ అయితే రిజిస్టరు మూయడానికి చెయ్యి చాచాడు కూడా.

కర్నల్ గారు ఆ చేతిని చూపుతోనే ఆపి, "ఎవరు చేశారు?" అని అడిగారు.

"నేను సార్."

"ఏమన్నారు?"

"నేనే చేశాను సార్. జరగని తప్పు రిజిస్టర్లో రాయడం నాకు చేతకాదు. అందుకని ఏ రోజు ఏది రాయాలో ఆ రోజు పొద్దున్నే ఆ తప్పు నేను చేసేవాణ్ని. బూట్ల రోజు పాలిష్ లేకుండా వచ్చాను. పక్క సర్దలేదని రాయాల్సిన రోజు దుప్పటి మడతపెట్టలేదు. గుండీ రోజు గుండీ తెంపి జేబులో పెట్టుకున్నాను. ఆలస్యం రోజు నీళ్ల ట్యాంకు వెనక నాలుగు నిమిషాలు నిలబడి వచ్చాను సార్. తప్పు నిజం. పేరు ఒక్కటే అబద్ధం."

నాలుగు నెలలు! నాలుగు నెలలుగా ఈయన పక్క అలా వదిలేసి పోతుంటే వెనకాలే దుప్పట్లు మడతపెట్టి చచ్చాను. తెగిన గుండీలు కుట్టీ కుట్టీ దారం బంతి అయిపోయింది. మా అక్కకి ఫోన్ చేసి, 'మీ మరిదికి మతిమరుపు మొదలైనట్టుందే, ఎవరికి చూపించమంటావు' అని ఏడ్చాను. అక్క పాపం కంగారుపడి ఇద్దరు డాక్టర్ల పేర్లు కూడా చెప్పింది. ఒక్క మాట చెబితే ఈయన సొమ్మేం పోయింది?

బొంగరం వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు, కిసుక్కున నవ్వేసింది. కర్నల్ గారు కిటికీ వైపు తిరిగారు. కాసేపు అటే చూసి, ముఖం సరిచేసుకుని ఇటు తిరిగారు.

"అయితే ఈ పిల్లాడు తప్పు చేయలేదు" అన్నారు.

"చేశాడు సార్." వైస్ ప్రిన్సిపాల్ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. ఒక చిన్న పుస్తకం తెరిచి చూపించాడు. "రూలు చూడండి. సాయం గదికి వెళ్లే ప్రతివాడూ పసుపు పట్టీ పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే అది తప్పు. మేడమ్ చెప్పింది నిజమైతే వీడు నలభై మూడుసార్లు పట్టీ లేకుండా వెళ్లాడు. అవి నలభై మూడు నేరాలు. అలా చూసినా అంతే, ఇలా చూసినా అంతే."

ఎంత తెలివి! ఆ తెలివిలో పావువంతు పిల్లలకి భిన్నాలు చెప్పడానికి వాడి ఉంటే నా గది అవసరమే వచ్చేది కాదు.

"ఇలా వచ్చినవాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారు మేడమ్?" అని అడిగారు కర్నల్ గారు.

"చెప్పను సార్."

"అడుగుతున్నది ప్రిన్సిపాల్."

"తెలుసు సార్. చెప్పనన్నది టీచరు. నిజంగా శిక్ష పడి ఊడ్చినవాళ్లూ అందులోనే ఉన్నారు, చదువుకోడానికి వచ్చినవాళ్లూ అందులోనే ఉన్నారు. ఎవరెవరో నాకు తెలుసు. పట్టీలు కుట్టడానికయితే ఒక్క పేరు కూడా నా నోటి నుంచి రాదు. నన్ను పంపేయండి, పెట్టె సర్దుకోవడం నాకూ వచ్చు."

కర్నల్ గారు కలం తీసి చేతిలో పట్టుకున్నారు. "నేను వచ్చి మూడు నెలలే అయింది. రూలు ఉన్నంతవరకు అది రూలే. అయిదింటికి హాజరు పిలుస్తారు. ఆ లోపల ఈ పిల్లాడు పట్టీ కుట్టించుకుని వరుసలో నిలబడితే ఆర్డరు చించేస్తాను. లేకపోతే అక్కడే, అందరి ముందు సంతకం పెడతాను."

"పెట్టుకోను సార్" అన్నాడు బొంగరం.

"అయిదింటిదాకా టైముంది. ఆలోచించుకో."

"ఆలోచించాను సార్. పెట్టుకోను."

వాళ్లమ్మ లేచి నిలబడింది. కొడుకుని నాలుగు తిట్టి ఒప్పిస్తుందేమో అనుకున్నాను. ఆవిడ వైస్ ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "సార్, పన్నెండేళ్లుగా బస్సులో ఉన్నాను. రోజూ ఓ పాతికమంది, ఎక్కడ దిగాలో తెలీదమ్మా, కాస్త చెప్పు అని నన్ను అడుగుతారు. చెబుతాను. అడిగారు కదా అని వాళ్ల చొక్కాల మీద ముద్ర గుద్ది పంపను. మా డిపోలో అంత తీరిక ఎవరికీ లేదు." సంచీ సర్దుకుని, కొడుకుని తీసుకుని బయటికి నడిచింది.

నేను వెనకాలే వెళ్లాను. వరండాలో బొంగరం తన ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. వాళ్లమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడింది. గోడ గడియారంలో నాలుగున్నర.

"ఒరేయ్, నీకు పిచ్చా? నిన్ను గట్టెక్కించాలని నేను అంత కష్టపడితే, అబద్ధం అంటావా? లెక్కలు నేర్చుకోవడం తప్పా?" అని విరుచుకుపడ్డాను.

వాడు కిందికి చూస్తూనే అన్నాడు. "తప్పు కాకపోతే మరి దాచమని మీరెందుకు చెప్పారు మేడమ్?"

"ఏమిటీ?"

"మొదటి రోజు మీరే చెప్పారు. ఎవరైనా అడిగితే ఊడ్చడానికి వచ్చానని చెప్పు, పుస్తకం చొక్కాలో పెట్టుకో, చీపురు కనిపించేలా పట్టుకో అని. సార్ వాళ్లు పట్టీ ఇచ్చారు. మీరు చీపురు ఇచ్చారు. రెండిటికీ నాకేం తేడా తెలీలేదు మేడమ్. తప్పు పనే అనుకున్నాను. ఇప్పుడు మీరే పదిమంది ముందు చెప్పేస్తే నేనేమైపోవాలి?"

ముప్ఫై ఏళ్ల సర్వీసులో నన్ను ఎవరూ అంత గట్టిగా కొట్టలేదు. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేను మెచ్చుకుంటూ నాలుగు నెలలు తిరిగాను. పిల్లల సిగ్గుని పోగొట్టకుండా దానికి ఇంకో ముసుగు తొడిగాను. వైస్ ప్రిన్సిపాల్ మీద నాకు ఎంత కోపముందో అంత కోపమూ నా మీదికి తిరిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గనిపించింది, ఆ సిగ్గు మీద మళ్లీ కోపం వచ్చింది.

"తప్పు నాదే నాన్నా. నీది కాదు" అన్నాను.

వాడు తల ఊపాడు. అయిదింటి హాజరుకి బ్యూగిల్ మోగేదాకా అలాగే కూర్చున్నాడు. పెట్టె మీద నుంచి లేచి, చొక్కా లాక్కుని, వాళ్లమ్మ వైపు ఒకసారి చూసి మైదానంలోకి పరిగెత్తాడు. భుజం మీద ఏమీ లేదు.

హాజరు పిలిచేటప్పుడు యూనిఫాం లేనివాళ్లు మైదానంలో అడుగుపెట్టకూడదు. సున్నపు గీత ఇవతలే నిలబడాలి. ఇన్నేళ్లలో నేను ఆ గీత దాటలేదు. మూడువందల మంది పిల్లలు వరుసల్లో నిలబడ్డారు. ఎదురుగా వేదిక మీద కర్నల్ గారు, పక్కన వైస్ ప్రిన్సిపాల్. మైదానం అవతలి చివర జెండా స్తంభం దగ్గర మా ఆయన. కర్నల్ గారు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీయడం చూశాను.

చెప్పులు విప్పి గీత ఇవతల వదిలేశాను. ఎందుకు విప్పానో అడగకండి, కోపంలో ఏదో ఒకటి చేయాలి కదా. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఎర్రమట్టిలో నడుచుకుంటూ సరాసరి మధ్యకి పోయి నిలబడ్డాను.

"మేడమ్! బయటికి వెళ్లండి!" అని వైస్ ప్రిన్సిపాల్ అరిచాడు.

"వెళతాను సార్, చెప్పాల్సింది చెప్పి వెళతాను." నా గొంతు పెద్దది. క్లాసులో చివరి బెంచీకి వినపడాలని పెంచుకున్న గొంతు. ఆ రోజు చివరి వరుసకీ వినపడింది.

కర్నల్ గారు నన్నూ, పిల్లల్నీ మార్చి మార్చి చూశారు. "డ్రిల్ మాస్టర్! మేడమ్‌ని మైదానం బయటికి తీసుకెళ్లండి" అన్నారు.

మా ఆయన ఇరవై ఆరేళ్లు పటాలంలోనూ, ఆ తర్వాత పదేళ్లు ఇక్కడా ఒక్క ఆర్డరు కూడా కాదనలేదు. సెల్యూట్ చేశారు. నా వైపు తిరిగారు. ఎడమ కాలు లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. బూటు చప్పుడు కోసం చూశాను. రాలేదు. కళ్లు తెరిచి చూస్తే ఆ కాలు ఇంకా గాలిలోనే ఉంది. మెల్లగా ముందుకి వచ్చింది, బొటనవేలి వైపు నుంచి నెమ్మదిగా నేల మీద ఆనింది. ఒక క్షణం ఆగి కుడికాలు లేచింది.

స్లో మార్చ్! పెద్దవాళ్లెవరైనా పోతే పాడె వెంట నడుస్తారే, ఆ నడక. వెళ్లమన్నారు గానీ ఎంత వేగంగా వెళ్లాలో కర్నల్ గారు చెప్పలేదు. జెండా స్తంభం నుంచి నా దగ్గరికి నూటయాభై గజాలు. మా ఆయన ఆర్డరు పాటిస్తున్నారు. ఎవరూ తప్పు పట్టలేరు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"పిల్లలూ!" అన్నాను. "నా గదికి మీలో కొంతమంది చీపుర్లతో వచ్చారు. ఎవరెవరో నాకు తెలుసు, నేను చెప్పను. మీకు లెక్కలు రాకపోవడం తప్పు కాదు. అడగడం అంతకన్నా తప్పు కాదు. దాన్ని తప్పులా దాచమని మీకు నేర్పింది నేను. పసుపు పట్టీ వాళ్లది, చీపురు నాది, రెండూ చెత్తే. రేపటి నుంచి నా గదిలో చీపురుండదు. నా గది నేనే ఊడ్చుకుంటాను. రావాలనుకున్నవాడు పుస్తకం చేతిలో పట్టుకుని, ముందు తలుపులోంచి, తల ఎత్తుకుని రండి. పట్టీ పెట్టుకోమని ఎవరైనా అడిగితే, మేం పెట్టుకోం అని చెప్పండి. నన్ను రేపు ఇక్కడ ఉండనివ్వకపోతే గేటు బయట చెట్టు కింద కూర్చుని చెబుతాను. కానీ ఈ రోజు ఒక పిల్లాణ్ని, లెక్కలు నేర్చుకున్నందుకు, రౌడీ అని పేరు పెట్టి ఇంటికి పంపుతున్నారు. ఆ అబద్ధానికి నేను సాక్ష్యం ఉండను."

మా ఆయన సగం దూరం వచ్చారు. మూడువందల మందిలో ఒక్క తలకాయ కదల్లేదు. అలా నిలబడమని వాళ్లకి నేర్పింది ఆయనే మరి. ఎవరి ముఖంలోనూ నాకేమీ కనపడలేదు. అయిపోయింది అనుకున్నాను. ఎంత అరిచినా, నాలుగు నెలల్లో నేను చేసింది నాలుగు నిమిషాల్లో చెరిగిపోతుందా?

మూడో వరుసలో బూటు చప్పుడైంది.

బొంగరం వరుస దాటి బయటికి వచ్చాడు. ఆజ్ఞ లేకుండా వచ్చాడు. రెండు వరుసల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి, నాకు రెండు గజాల దూరంలో ఆగి, వేదిక వైపు తిరిగి అటెన్షన్‌లో నిలబడ్డాడు. కుడికే తిరిగాడు, ఒక్కసారికే.

"సార్! నాకు లెక్కలు రావు సార్. మేడమ్ దగ్గర నేర్చుకున్నాను. నలభై మూడు రోజులు." గొంతు ఇంకాస్త పెంచాడు. "ఇంకా రావాల్సినవి ఉన్నాయి సార్. రేపు కూడా వెళతాను. పట్టీ పెట్టుకోను."

సున్నపు గీత అవతల వాళ్లమ్మ రెండు చేతులతో టికెట్ల సంచీని గుండెకి అదుముకుంది. మా ఆయన కాలు గాలిలో ఉండగానే ఆగిపోయింది.

కర్నల్ గారు ఆ పిల్లాణ్ని చూశారు. "డ్రిల్ మాస్టర్" అన్నారు, చూపు వాడి మీద నుంచి తిప్పకుండానే. "ఆజ్ఞ లేకుండా వరుస దాటి రావడం నేరమేనా?"

కాదనండి, ఒక్కసారి కాదనండి అని మనసులో మొత్తుకున్నాను. మా ఆయన కాలు నేల మీద పెట్టారు. మడమలు కలిపారు. నా వైపు చూశారు, ఆ తర్వాత బొంగరం వైపు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి ముఖం ఎలా ఉంటుందో మైదానంలో అందరికీ కనిపించింది.

"నేరమే సార్" అన్నారు. "వీడు ఈ బడిలో చేసిన మొదటి నేరం."

కర్నల్ గారు కాగితం మడత విప్పి, వేదిక గట్టు మీద పరిచి, కలం మూత తీశారు. ఆయన చెయ్యి కదలడం కనిపించింది. సంతకం పెడుతున్నారో, రాసి ఉన్నదాన్ని కొట్టేస్తున్నారో నేను నిలబడ్డ చోటి నుంచి కనిపించలేదు. వైస్ ప్రిన్సిపాల్ తొంగి చూశాడు. చూసి, ముఖం మాడ్చుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.